మేలు తలిచే దినం

తుంగభద్ర ఇళ్లలోకి వచ్చిన ఆ ఏడు నీలమ్మకు ముప్పై ఏళ్లు నిండలేదు. నందవరం మండలంలో నది ఒడ్డున ఉండే ఊరు వాళ్లది. ఇంట్లో గుంత మగ్గం, దాని మీద సగం నేసిన చీర, బడికి పోయే కూతురు మంజు, పది మాటలకు ఒక మాట బదులిచ్చే మొగుడు రంగన్న. ఇదే ఆమె సంసారం.

గాంధీ జయంతి సెలవని మంజు ఇంకా దుప్పటి ముసుగులోనే ఉంది. దారం కండెలు చుడదామని కూర్చున్న నీలమ్మకు మగ్గం గుంతలో నీళ్లు ఊరుతున్నట్టు కనిపించింది. చెయ్యి పెట్టి చూసింది. చల్లగా, బురద రంగులో ఉన్నాయి. "ఇదేందబ్బా, వాన నిలిచినాక గూడ నీళ్లొస్తాండాయి" అనుకుంటూ వాకిట్లోకి వచ్చేసరికి నది వీధి చివర నిలబడి ఉంది.

తర్వాత ఏది పట్టుకున్నారో, ఏది వదిలేశారో ఎవరికీ గుర్తు లేదు. ఊరంతా బడి మిద్దె ఎక్కింది. కింద ధాన్యం బస్తాలు పోయాయి, విప్పడానికి వీలుకాని గొడ్లు పోయాయి. తమ మగ్గం కట్టెలు నీళ్లలో తేలుతూ పోతుంటే రంగన్న వాటినే చూస్తూ ఉండిపోయాడు. ఆ పగలు తినడానికి ఏమీ లేదు. మంజు ఆకలని ఏడ్చి ఏడ్చి, ఏడ్చే ఓపిక కూడా లేక తల్లి ఒడిలో పడుకుంది.

మర్నాడు నీళ్లు కాస్త తగ్గాయి. మెరక మీద ఒక లారీ వచ్చి ఆగింది. అందులోంచి దిగిన మనుషులు పెద్ద తెల్ల సంచులు తలకెత్తుకుని, నడుము లోతు నీళ్లలో నడిచి వచ్చారు. సంచులు విప్పితే జొన్నరొట్టెలు. దొంతర్లు దొంతర్లుగా రొట్టెలు, పొట్లాల్లో చెనిక్కాయల పొడి. పైన ఉన్న రొట్టెలు ఆరిపోయి విరుగుతున్నాయి గానీ, దొంతర మధ్యలో రొట్టెలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. నీలమ్మ చేతిలో పడింది అలాంటి రొట్టే. ఆ వేడి తగలగానే ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది. అంతవరకూ ఏడవని మనిషి, ఇల్లు పోయినప్పుడు ఏడవని మనిషి, రొట్టె పట్టుకుని భోరుమంది.

"యాడి నుంచి వచ్చినారప్పా?" అని అడిగింది, ఇచ్చిన చేతులను చూస్తూ.

"ఆదోని" అన్నాడు ఆ మనిషి. అని పక్కవాళ్ల దగ్గరికి పోయాడు.

ఆ తర్వాత వాళ్ల సంసారం ఎమ్మిగనూరుకు మారింది. దూరపు చుట్టాల ఇంటి వెనక ఒక గది దొరికింది. రంగన్న పాత కట్టెలు కొన్ని, కొత్త కట్టెలు కొన్ని చేర్చి మళ్లీ మగ్గం నిలబెట్టాడు. మళ్లీ పడుగు పడింది, నాడె అటూ ఇటూ ఆడింది. ఎన్ని పనుల్లో మునిగినా నీలమ్మకు ఆ రొట్టె వెచ్చదనం అరచేతిలో తగులుతూనే ఉండేది. తన పేరు తెలియని ఆడమనిషి ఎవరో, ఇంకా తెల్లారకముందే లేచి, పిండి పిసికి, తన కోసం రొట్టె తట్టింది. ఆమె మొహం ఎట్లా ఉంటుందో ఒక్కసారి చూడాలి. కొత్త మగ్గం మీద దిగిన మొదటి చీర ఆమెకే ఇవ్వాలి.

మళ్లీ గాంధీ జయంతి వచ్చింది. నీలమ్మ చీర సంచిలో పెట్టుకుంది.

"ఏమని పోతావే? ఎవరని అడుగుతావు?" అన్నాడు రంగన్న.

"రొట్టెలు పంపినోళ్లు ఎవరని అడుగుతా."

"ఆదోని అంటే ఏమన్నా పల్లెనా? పిచ్చిదనుకుంటారు."

"అనుకోనీ."

ఆదోని బస్టాండులో టీ కాచే అతను ఆమె మాటంతా విని, "తెల్ల సంచులంటే పత్తి సంచులే. మార్కెట్ యార్డు కాడికి పో తల్లీ" అన్నాడు. యార్డుకు పోతే గేటు మూసి ఉంది. గేటు నీడలో ఒక హమాలీ కూర్చుని ఉన్నాడు. పేరు జయన్న.

"ఈ పొద్దు సెలవు తల్లీ. పత్తి రాదు."

"పత్తి కోసం రాలేదన్నా. పోయినేడు ఏరు పొంగినప్పుడు రొట్టెలు తెచ్చినోళ్ల కోసం వచ్చినా. నందవరం పక్క మాది."

జయన్న లేచి నిలబడ్డాడు. ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "ఆ మిద్దె మీద ఉన్నోళ్లలో నువ్వు గూడ ఉంటివా? నేనూ మోసినా ఆ సంచులు. అందరూ బాగుండారా?"

నీలమ్మ ఆ మాటకే సంచిలోంచి చీర తీసింది. జయన్న గబగబా రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "నేను మోసినా గానీ కాల్సలేదు గదమ్మా! లారీ పెట్టింది జనార్ధన్ శెట్టి. ఆయప్ప ఇంటికి పోదాం రా."

జనార్ధన్ శెట్టిది పత్తి కమీషన్ వ్యాపారం. పెద్ద ఇల్లు. ఆయన నీలమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి, చీర సంగతి వినగానే తల అడ్డంగా ఊపాడు. "లారీ ఊరికే నిలబడి ఉండె, పంపినాను. అందులో నా గొప్ప ఏముందమ్మా? జొన్నలు నేనొక్కడినే ఇయ్యలేదు, మండీలోళ్లంతా ఇచ్చినారు."

ఆయన భార్య సుబ్బలక్ష్మి లోపలి నుంచి వచ్చింది. చీర అంచు చేత్తో తడిమి, "ఎంత బాగా నేసినావమ్మా!" అని మురిసింది. కానీ తీసుకోమంటే వెనక్కి జరిగింది. "నేను కాల్చినాను, నిజమే. ఈ వీధిలో ప్రతి పొయ్యీ వెలిగింది ఆ పొద్దు. ఈ చీర నేనొక్కదాన్నే కట్టుకుంటే మిగిలినోళ్ల మొగం ఎట్ల చూసేది? జిన్నింగు మిల్లుల్లో పనికి పోయే ఆడోళ్లు పని మానుకొని కాల్చినారు. మసీదు వీధోళ్లు అడగకముందే గంపల్లో తెచ్చినారు. వాళ్లకు ఇయ్యి."

ఆ మధ్యాహ్నమంతా నీలమ్మ జయన్న వెంట ఆదోని సందులన్నీ తిరిగింది. ఎక్కడికి పోయినా మంచినీళ్లిచ్చారు, పిల్ల ఎట్లుందని అడిగారు, ఆ వరద కథంతా మళ్లీ చెప్పించుకుని కళ్లు తుడుచుకున్నారు. చీర మాత్రం ఎవరూ ముట్టలేదు. "మేమొక్కరమేనా అక్కా?" అన్నారు అందరూ. సాయంత్రం అయ్యేసరికి నీలమ్మకు కాళ్లు పీకుతున్నాయి. వెతికిన మనిషి దొరకలేదు. ఊరు మాత్రం మొత్తం దొరికింది.

శెట్టి ఇంటి అరుగు మీద కూలబడి ఆమె చీరను మళ్లీ మడిచి సంచిలో పెట్టుకుంది. ఆఖరుకు లేచి అంది. "ఎవరు పెట్టినారో తేల్చి సెప్పేటోళ్లు లేరు. అందుకని, వచ్చే గాంధీ జయంతికి మేమే వస్తాము. మీ యార్డులో పొయ్యిలు పెట్టి రొట్టెలు కాలుస్తాము. ఎవరొస్తే వాళ్లకు పెడతాము."

శెట్టి నవ్వాడు. ఏదో కృతజ్ఞత కొద్దీ అంటోంది, ఊరు చేరేసరికి మరిచిపోతుందిలే అనుకున్నాడు.

నీలమ్మ మరిచిపోలేదు. ఏడాది పొడుగునా మిద్దెనెక్కిన వాళ్లను ఒక్కొక్కరినీ పలకరించింది. కొందరు ఇంకా ఊళ్లోనే ఉన్నారు, కొందరు తనలాగే ఎమ్మిగనూరు చేరారు. "మన సేతుల్తో మనం పెట్టొద్దా?" అని అడిగితే కాదన్నవాళ్లు లేరు. ఇంటింటా జొన్నపిండి పోగైంది. గాంధీ జయంతి నాడు పొద్దు పొడవకముందే ఆడవాళ్లంతా పెనాలు నెత్తిన పెట్టుకుని ఆదోని బస్సెక్కారు. జయన్న ముందే అడిగి గేటు తీయించాడు, సెలవు రోజు కాబట్టి యార్డు షెడ్డు ఖాళీగా ఉంది. రాళ్లు పేర్చి పొయ్యిలు వెలిగించారు. రొట్టెలు తట్టే చప్పుడుతో షెడ్డు మారుమోగింది. నీలమ్మ ఆ చీరనే విప్పి పరిచింది. దాని మీద రొట్టెల దొంతర్లు లేచాయి.

రొట్టెలైతే లేచాయి గానీ, మనుషులు రాలేదు.

గేటు బయట జనం నిలబడి చూస్తున్నారు, లోపలికి అడుగు పెట్టడం లేదు. ఎవరో అన్నదానం చేస్తున్నారు, మనం పోయి నిలబడితే ఏం బాగుంటుంది అన్న మొహమాటం. హమాలీలు సైతం "మాకు ఇంట్లో ఉండాది లేమ్మా" అని పక్కకు తప్పుకున్నారు. ఎండ ఎక్కింది. దొంతర పైన రొట్టెలు ఎండిపోతున్నాయి. రంగన్న నీళ్ల బిందె దించి, "సెప్తిని గదా" అన్నాడు. అంతే అన్నాడు. అది చాలు నీలమ్మకు గుండె మండడానికి.

అప్పుడు వచ్చాడు జనార్ధన్ శెట్టి. గేటు లోపల నిలబడి షెడ్డంతా చూసి, "భలే పని చేసినారమ్మా. చాలా సంతోషం. బీదాబిక్కీకి పంచండి, పుణ్యం వస్తుంది" అన్నాడు.

నీలమ్మ పిండి చేతులతోనే లేచి, రొట్టె తీసుకుని ఆయన ఎదుటికి పోయింది. "బీదాబిక్కీకి కాదు శెట్టీ. మీకు."

"మాకెందుకమ్మా? దేవుని దయ వల్ల మా ఇంట్లో..."

"మా ఇంట్లో గూడ ఏరు వచ్చే ముందు దినం దాకా దేవుని దయ ఉండె" అంది నీలమ్మ. గొంతు పెద్దది చెయ్యలేదు, కానీ గేటు బయటి దాకా వినిపించింది. "ఆ పొద్దు మిద్దె మీద మేము సెయ్యి సాపినాము. అంతకు ముందు ఎవరి ముందరా సాపిండ్లేదు. అది ఎంత కష్టమో మాకు తెలుసు. అయినా సాపినాము, మీరు పెట్టినారు. ఈ పొద్దు మేము పెడతాంటే మీరు తీసుకోకపోతే, మేము ఎప్పటికీ సాపినోళ్లుగానే మిగిలిపోతాము. మమ్మల్ని అట్లే ఉంచుతారా?"

షెడ్డులో రొట్టెల చప్పుడు ఆగిపోయింది. శెట్టి ఆమెను చూశాడు, ఆమె వెనక పెనాల ముందు కూర్చున్న ఆడవాళ్లను చూశాడు. అంత మంది కళ్లూ ఆయన చేతుల మీదే ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగినాక ఎవరి దగ్గరా ఊరికే ఏదీ పుచ్చుకోని మనిషి ఆయన. మెల్లగా చెప్పులు విడిచాడు. రెండు చేతులూ కలిపి ముందుకు చాచాడు.

నీలమ్మ రొట్టె పెట్టింది. పొడి వేసింది. ఆయన నిలబడే తిన్నాడు. తింటూ తింటూ పైకండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. పొడి కారం అయిందేమోనని ఎవరో నీళ్లు తెచ్చారు గానీ, అది కారం కాదని నీలమ్మకు తెలుసు.

ఆ తర్వాత గేటు దగ్గర మనుషులు ఆగలేదు. జయన్న హమాలీలందరినీ పిలుచుకొచ్చాడు. మిల్లు ఆడవాళ్లు వచ్చారు, మసీదు వీధివాళ్లు పిల్లాజెల్లాతో వచ్చారు. సుబ్బలక్ష్మి పట్టుచీర చెంగు నడుముకు దోపి, ఒక పెనం ముందు కూర్చున్నామెను, "లేయమ్మా, నీ రొట్టె మందం అయితాంది, నేను తడతా" అని జరిపేసి కూర్చుంది. "ఈ పొద్దు మీరు తినాల, కాల్చగూడదు" అని నీలమ్మ కేకలేస్తే, "తిన్నాను లేవే, తిని కాలుస్తాండాను" అని తిరిగి కేకేసింది. షెడ్డంతా నవ్వులు. సాయంత్రానికి దొంతర్లు కరిగిపోయాయి.

అలా మొదలైన ఆ దినానికి జనమే పేరు పెట్టుకున్నారు. మేలు తలిచే దినం. మరుసటి ఏడు ఆదోని వాళ్లు జొన్నలు తెచ్చి కలిపారు. దగ్గర్లోని హాలహర్వి రైతులకు పంట చేతికొచ్చిన ఏడు ఎద్దుల బండ్ల మీద జొన్నలు వచ్చాయి. ఎండిన ఏడు మనుషులు ఉత్త చేతులతో వచ్చి, పొయ్యిల కింద కట్టెలు ఎగదోశారు. ఎవరు పెడుతున్నారో, ఎవరు తింటున్నారో చెప్పడం కష్టమైపోయింది. ఉన్న నియమం ఒక్కటే. రొట్టె అందుకునేటప్పుడు, తనకు ఎప్పుడో మేలు చేసిన మనిషిని ఒకరిని తలుచుకోవాలి. పేరు తెలిస్తే పేరు, తెలియకపోతే వాళ్లు చేసిన పని. "నాకు రక్తమిచ్చినామె" అనేవాళ్లు ఉన్నారు. "నన్ను బడికి సైకిలు మీద ఎక్కించుకొని పోయిన పెద్దాయప్ప" అనేవాళ్లు ఉన్నారు. జిన్నింగు మిల్లుల్లో పనికి వచ్చిన బీహారు కూలీలు తమ భాషలో ఏదో గొణిగి రొట్టె కళ్లకద్దుకునేవారు. సొంతూరు పోయినప్పుడు అక్కడా మొదలుపెట్టామని, ఒక ఏడు వాళ్లు ఫోనులో చూపించారు. ఎక్కడిదో పెద్ద నది, దాని గట్టు మీద పొయ్యిలు. నీలమ్మ ఆ ఫోను చాలాసేపు తిరిగి ఇవ్వలేదు.

విజయవాడలో బుడమేరు పొంగిన ఏడు ఆదోనిలోనూ, ఎమ్మిగనూరులోనూ ఎవరూ పిలవకుండానే పెనాలు పొయ్యిలెక్కాయి. లారీ బయల్దేరింది. జయన్న ముసలివాడైపోయినా, వద్దన్నా వినకుండా ఎక్కాడు. ఆనాడు తల్లి ఒడిలో పడుకున్న మంజు ఇప్పుడు నర్సు. మందుల పెట్టె పట్టుకుని తనూ ఎక్కింది. మొల లోతు నీళ్లలో, ఒక వీధిలో, మేడ మెట్ల మీద చంటిబిడ్డతో కూర్చున్న అశ్విని అనే ఆమెకు మంజు రొట్టె ఇచ్చింది.

"మీదేవూరండీ? ఫోన్ నంబరన్నా ఇవ్వండి. నీళ్లు పోయాక వచ్చి మీకేదైనా చెయ్యాలి" అంది అశ్విని.

"మాకేం వద్దక్కా. గాంధీ జయంతి నాడు మీ వీధిలో పొయ్యి పెట్టి, ఎవరొస్తే వాళ్లకు పెట్టండి. పెట్టేటప్పుడు మా అమ్మను తలుచుకోండి. నీలమ్మ ఆమె పేరు."

నెల తిరగకుండానే, గోడల మీద బురద చారలు ఇంకా ఆరకముందే, అశ్విని వాళ్ల వీధిలో పొయ్యి వెలిగింది. జొన్నరొట్టె చేతకాక వాళ్లు పులిహోర పెట్టారు. అక్కడి నుంచి పక్క వీధికి, పక్క ఊరికి పాకింది.

ఇంతమంది చేస్తున్నది పత్రికలవాళ్ల కంట పడకుండా ఎలా ఉంటుంది? రాశారు. టీవీల్లో చూపించారు. ఆఖరుకు ఈ ఏడు జిల్లా నుంచి ఒక అధికారి ఆదోని యార్డుకు వచ్చాడు. గాంధీ జయంతిని దేశమంతా మేలు తలిచే దినంగా కూడా జరపాలని ఢిల్లీకి ప్రతిపాదన పోతోందట. ఆ దినం ఎక్కడ పుట్టింది, ఎవరు పుట్టించారు అన్నది తేల్చుకుని రాయాలట. మంచి మనిషి. నేల మీద అందరితో పాటే కూర్చున్నాడు.

అంతే, గొడవ మొదలైంది. "ఆదోని యార్డులో పుట్టింది, అందరికీ తెలిసిందే" అన్నారు ఆదోని వాళ్లు. "పిండి ఎమ్మిగనూరుది, పెనాలు ఎమ్మిగనూరువి, నేలొక్కటే మీది" అన్నారు ఎమ్మిగనూరు వాళ్లు. మాటా మాటా పెరిగింది. అధికారి నీలమ్మ వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. ఎవరు మొదలుపెట్టారు?"

అందరూ చూస్తున్నారు. అందరూ కలిసి చేశామని తలవంచుకుని చెప్తుందనుకున్నారు.

"నేనే" అంది నీలమ్మ.

అధికారి రాసుకోబోయి ఆగాడు.

"రాయండి సార్. మగ్గం నేసే నీలమ్మ అని రాయండి. ఒక్క మడిసి గూడ తెలీని ఊర్లో నిలబడి, మళ్లా వస్తాను, పెడతాను అని సెప్పింది నేనే. ఎవరూ రాకపోతే గేటు కాడికి పోయి పిల్చింది నేనే. దాంట్లో దాసుకునేది ఏముంది?" ఆమె శెట్టి కేసి చూసింది. ముసలాయన కుర్చీలో ఊతకర్ర పట్టుకుని కూర్చుని ఉన్నాడు. "కానీ పెట్టేది ఒగ సెయ్యి, తీసుకునేది ఒగ సెయ్యి. ఆ శెట్టి సెయ్యి సాపకపోయింటే ఈ దినం ఆ పొద్దే సచ్చిపోయిండేది. ఆయప్ప పేరు గూడ రాయండి. ఆదోని, ఎమ్మిగనూరు, రెండూ రాయండి. యాది ముందు రాస్తారో మీ ఇష్టం."

శెట్టి కర్ర పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. షెడ్డంతా అందుకుంది. సుబ్బలక్ష్మి పక్కనున్నవాళ్లతో, "చూస్తిరా, ఆడదంటే అట్లుండాల" అంటోంది. నీలమ్మ తల దించుకోలేదు. ఆ చప్పట్లు తనవేనని తెలుసు, తనవిగానే తీసుకుంది.

ఢిల్లీ నుంచి కబురు ఇంకా రాలేదు. వస్తుందో రాదో నీలమ్మ ఎవరినీ అడగలేదు. మొన్నటి గాంధీ జయంతికి రాయచూరు నుంచి వచ్చారు, బళ్లారి నుంచి వచ్చారు. అశ్విని తన వీధి ఆడవాళ్లతో రైల్లో వచ్చి జొన్నరొట్టె తట్టడం నేర్చుకుని పోయింది. ఆమె మొదటి రొట్టె మూడు ముక్కలైతే, ఆ మూడు ముక్కలూ నీలమ్మే తిన్నది.

సాయంత్రం ఎమ్మిగనూరు బస్సులో నీలమ్మ కిటికీ పక్కన కూర్చుని అట్లే నిద్రపోయింది. చేతుల మీద పిండి ఎండి తెల్లగా ఉంది. రంగన్న పెనం సంచి ఒళ్లో పెట్టుకుని పక్కనే ఉన్నాడు. వెనక సీటులో కూర్చున్న కొత్త మనిషి ఒకాయన ముందుకు వంగి, "ఏమప్పా, ఆ యార్డులో రొట్టెల కాడ ఉండె, నీలమ్మంటే ఈమేనా?" అని అడిగాడు.

రంగన్న వెనక్కి తిరిగాడు. మామూలుగా అయితే తలూపి ఊరుకునేవాడే.

"ఈమే అప్పా" అన్నాడు. "నా పెండ్లాము. సెప్తా విను, మొదట్నుంచి సెప్తా" అంటూ సంచి కింద పెట్టి, సీటులో పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చున్నాడు. బస్సు ఎమ్మిగనూరు చేరేదాకా ఆయన మాట ఆపలేదు.